మా బడి ముందు 40 బోర్డు పడేదాకా నేను పడ్డ పాట్లు

నిన్న పొద్దున మా బడి దగ్గర 40 బోర్డు పాతారు, అంటే అక్కడ బండ్లు గంటకు 40 కిలోమీటర్ల వేగం దాటొద్దని. ఎర్ర గుండ్రం మధ్యలో నల్ల అంకెలు, కింద వేసిన సిమెంటు ఇంకా పచ్చిగానే ఉంది. హైవే పక్క ఊళ్లవాళ్లకు పనికొస్తుందని అన్నీ గుర్తున్నప్పుడే రాస్తున్నా.

వరంగల్ నుంచి ములుగు పోయే 163వ నంబరు జాతీయ రహదారి మీద మా ఊరు. ఇళ్లు ఒక దిక్కు, బడి ఇంకో దిక్కు. ఏటూరునాగారం వైపు నుంచి ఇసుక లారీలు రాత్రీపగలూ వస్తూనే ఉంటాయి. మేడారం జాతరప్పుడు పోలీసులు బారికేడ్లు, బోర్డులు పెట్టి బండ్లను నెమ్మదిగా పోనిస్తారు, జాతర అయిపోగానే అన్నీ ఎత్తుకుపోతారు. జాతరకొచ్చేవాళ్లకు ఉన్న రక్షణ రోజూ రోడ్డు దాటే మా పిల్లలకు ఎందుకు ఉండదు?

గ్రామసభలో తీర్మానం ఒక్క పూటలో అయిపోయింది, రాసింది నేనే. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే ప్రజావాణిలో దరఖాస్తు ఇస్తే రసీదు కూడా ఇచ్చారు. బయట టైపు చేసేవాళ్లకు డబ్బులు పెట్టకండి, తెల్ల కాగితం మీద చేత్తో రాసినా తీసుకుంటారు.

అసలు కథ ఆ కాగితం రోడ్డు చూసుకునే ఆఫీసుకు పోయాక మొదలైంది. అక్కడి సారు నన్ను కూర్చోమని కూడా అనలేదు. తీర్మానం చూసి, "ఏమ్మా, ఇది మీ ఊర్లో సీసీ రోడ్డుకు పనికొస్తది, హైవేకు కాదు. ఊరికో లిమిట్ పెట్టుకుంటూ పోతే డ్రైవర్లు ఏం కావాలె?" అన్నాడు. సరే అని వింటుంటే, "చైనేజీ ఎంత?" అని అడిగాడు. నాకు అర్థం కాలేదు. పక్కనున్న కాంట్రాక్టర్లు నవ్వారు. "చైనేజీ తెల్వకుండ బోర్డు ఎక్కడ పాతాలె, నీ ఇంటి ముందా?" అని కాగితం నా వైపు తోసేశాడు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి, కోపంతో. చైనేజీ అంటే రోడ్డు మొదలు నుంచి ఆ చోటు దాకా దూరం, కిలోమీటర్లలో, అంతే. ఆ ముక్క చెప్పడానికి ఒక్క నిమిషం పట్టేది. నేనూ మా మరిదీ బండి మీద పోయి పసుపు తల ఉన్న కిలోమీటరు రాయి పట్టుకున్నాం, దాని తర్వాత గడ్డిలో రెండు వందల మీటర్లకొకటి ఉండే 2, 4 అని రాసిన చిన్న రాళ్లు వెతికాం. "వదినా, దొరికింది" అని వాడు అరిస్తే నాకు బంగారం దొరికినట్టయింది.

చైనేజీ రాసుకుని పోతే ఈసారి, "స్పీడు మా చేతిలో లేదు, పోలీసులను అడుగు" అన్నారు. ఎస్సై మర్యాదగానే మాట్లాడాడు. "అమ్మా, మేం స్పీడ్ గన్ పెడతాం గానీ లిమిట్ పెట్టేది మేం కాదు, గెజిట్ లేకుండా బోర్డు పెడితే రేపు చలానా నిలవదు" అన్నాడు. గెజిట్ అంటే ప్రభుత్వం తన ఉత్తర్వులు అచ్చు వేసే పత్రం. రవాణా ఆఫీసులో మాత్రం, "నేషనల్ హైవే కదా, ఢిల్లీ వాళ్లది" అని తేల్చేశారు.

అది తప్పు. 1988 మోటారు వాహనాల చట్టం 112వ సెక్షన్ చదవండి. కేంద్రం పెట్టేది గరిష్ఠ వేగం మాత్రమే. 2018 ఏప్రిల్ నోటిఫికేషన్ ప్రకారం మధ్యలో డివైడర్ ఉన్న నాలుగు వరుసల రోడ్డు కాకపోతే కార్లకు 70, సరుకు లారీలకు 60. ప్రజల భద్రత కోసం అంతకన్నా తగ్గించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి, లేదా అది అధికారమిచ్చిన వాళ్లకు ఉంది. గెజిట్‌లో వేయాలి, బోర్డు పెట్టాలి. నెల రోజులకు మించని ఆంక్షకు గెజిట్ కూడా అక్కర్లేదు. రోడ్డు ఎవరిదైనా వేగం తగ్గించడం రాష్ట్రం చేతిలో పని. ఇన్ని ఆఫీసుల్లో ఒక్కరూ ఆ మాట చెప్పలేదు.

ఊరికో లిమిట్ అయితే డ్రైవర్లకు తికమక అన్నదాన్ని నేను కాదనను. అధికారం పంచాయతీకే ఇవ్వమని అడగడం లేదు. కానీ పంచాయతీ తీర్మానం పంపితే ఇన్ని రోజుల్లో జవాబు చెప్పాలి, కాదంటే ఎందుకు కాదో రాసివ్వాలి అని గడువు ఉండాలి. రోడ్డు దాటేది మా పిల్లలు, ఆ ఆఫీసులో కూర్చున్నవాళ్లు కాదు.

చివరికి పని జరిగింది జిల్లా రోడ్డు భద్రతా కమిటీలో. కలెక్టర్, పోలీసులు, రోడ్డు వాళ్లు, రవాణా వాళ్లు అందరూ ఒకే గదిలో కూర్చుంటారు కాబట్టి ఒకరి మీద ఒకరు తోసుకోవడం కుదరదు. మీ దరఖాస్తు ఆ కమిటీ ఎజెండాలోకి ఎక్కించమని మొదటి రోజే అడగండి. ఏ ఆఫీసులో కాగితం ఇచ్చినా రెండో కాపీ మీద ముద్ర, ఇన్‌వార్డ్ నంబరు వేయించుకోండి. మీటింగ్ అయ్యాక మినిట్స్, అంటే అక్కడ ఏం నిర్ణయించారో రాసిన కాగితం, ఇవ్వకపోతే పది రూపాయలతో సమాచార హక్కు కింద అడగండి, నేను అలాగే తెచ్చుకున్నా. నోటిఫికేషన్ కాపీ కూడా దగ్గర పెట్టుకోండి.

మా దగ్గర బోర్డు ఒక్కటే పడింది, వరంగల్ నుంచి వచ్చే దిక్కున. ఇసుక లారీలు వచ్చే ములుగు దిక్కున ఇంకా పెట్టలేదు. మినిట్స్‌లో రెండు దిక్కులా అని రాసి ఉంది, సోమవారం ఆ కాపీ పట్టుకుని మళ్లీ పోతున్నా.