హైస్కూల్ లెక్కలకి ఏ ప్రోగ్రామ్ పెట్టాలి?

"మా వాడికి లెక్కలు ఎక్కట్లేదండీ, ఏదైనా మంచి యాప్ ఉంటే చెప్పండి" అని ఎవరైనా అడిగితే నేను ముందు అడిగేది ఒకటే. ఆ యాప్ ముందు కూర్చున్నప్పుడు పని ఎవరు చేస్తున్నారు, పిల్లాడా, యాపా? వీడియో నడుస్తుంటే వాడు తలూపుతున్నాడా, లేక వాడు ఒకటి అనుకుని, చేసి చూసి, అనుకున్నట్టు రాకపోతే ఎందుకు రాలేదని బుర్ర గోక్కుంటున్నాడా? నా దృష్టిలో ఈ రెండో రకం ప్రోగ్రాములే హైస్కూల్ లెక్కలకి పనికొస్తాయి, మిగతావన్నీ వాటి తర్వాతే.

నేను అన్నిటికన్నా ముందు చెప్పేది జియోజీబ్రా, బొమ్మలు, గ్రాఫులు గీసి కదిలించి చూసే ప్రోగ్రామ్. ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ యూనివర్సిటీలో మార్కస్ హోహెన్‌వార్టర్ 2001లో తన మాస్టర్స్ థీసిస్ పనిగా మొదలుపెట్టాడు. ఒక పక్క బొమ్మ, ఇంకో పక్క దాని సమీకరణం, ఒకటి కదిలిస్తే రెండోది దానంతటదే మారుతుంది. చదరం గీయమంటే పిల్లలు మొదట కంటి అంచనాతో నాలుగు బిందువులు పెట్టి కలిపేస్తారు, చూడ్డానికి చదరంలాగే ఉంటుంది. ఒక మూల పట్టుకుని లాగమనండి, చదరం కాస్తా వంకరటింకర చతుర్భుజం అయిపోతుంది. అదే లంబాలు, వృత్తాలు వాడి పద్ధతిగా నిర్మిస్తే ఎంత లాగినా పెద్దదో చిన్నదో అవుతుంది, పక్కకి తిరుగుతుంది, కానీ చదరంగానే ఉంటుంది. నిర్వచనం అంటే ఏంటో బోర్డు మీద అరగంట చెప్పినా అర్థం కాని పిల్లలకి ఇక్కడ చేత్తో తెలుస్తుంది.

గ్రాఫుల సంగతి ఇంకా బాగుంటుంది. వై = ఎక్స్ స్క్వేర్ + బి ఎక్స్ + 2 అని టైప్ చేసి, బి కి ఒక స్లయిడర్, అంటే లాగితే బి విలువ మారే మీట, పెట్టండి. కదిలించే ముందే అడగండి, బి మారితే ఈ పరావలయం ఎటు పోతుంది? "పక్కకి జరుగుతుంది" అంటారు చాలామంది. కదిలించి చూస్తే పక్కకీ పోతుంది, కిందకీ దిగుతుంది, ఎటు పోయినా వై అక్షం మీద 2 దగ్గర మాత్రం వదలదు. ఇప్పుడు దాని శీర్షానికి ట్రేస్ ఆన్ చేసి మళ్లీ స్లయిడర్ లాగితే, ఆ శీర్షం నడిచిన దారి కూడా ఒక పరావలయమే, కాకపోతే తలకిందులుగా ఉంటుంది! వై = 2 − ఎక్స్ స్క్వేర్. ఇది ఎందుకలా వస్తుందో తెలియాలంటే కాగితం తీసి శీర్షం నిరూపకాలు రాయాల్సిందే, అప్పుడు మాత్రం రాయమని ఎవరూ బలవంతపెట్టనక్కర్లేదు.

గ్రాఫులు గీసే డెస్మోస్ కూడా అంతే, 2011లో వచ్చింది, బ్రౌజర్‌లో తెరిచి టైప్ చేయడమే, లాగిన్ కూడా అక్కర్లేదు. ఎ ప్లస్ బి హోల్ స్క్వేర్ అంటే ఎ స్క్వేర్ ప్లస్ బి స్క్వేర్ అని రాసే పిల్లలు ప్రతి క్లాసులో ఉంటారు. వాళ్లకి సూత్రం పదోసారి చెప్పేకంటే ఎక్స్ ప్లస్ 3 హోల్ స్క్వేర్ ఒక గ్రాఫ్, ఎక్స్ స్క్వేర్ ప్లస్ 9 ఇంకో గ్రాఫ్ గీయించండి. ఆ రెండు గీతలు ఒక్క ఎక్స్ = 0 దగ్గర మాత్రమే కలుస్తాయి. మిగతా అన్ని చోట్లా తేడా ఎంతుంది అని అడిగితే, ఆరు ఎక్స్ అని వాళ్లే తేలుస్తారు.

ఒకసారి ఒక అమ్మాయి టెన్షన్ పడుతూ వచ్చింది, "సార్, మూడు కోణాలు కలిపితే 179.99 వస్తోంది, త్రిభుజం తప్పు గీశానా?" అని. స్క్రీన్ మీద 61.23, 58.43, 60.33 ఉన్నాయి. జియోజీబ్రా మామూలుగా రెండు దశాంశాల దాకా సవరించి చూపిస్తుంది, అంతే. సెట్టింగ్‌లో దశాంశాలు పెంచగానే లెక్క సరిపోయింది. కానీ ఆ ప్రశ్న చాలా మంచి ప్రశ్న. స్క్రీన్ మీద 90.00 కనిపించినంత మాత్రాన అది లంబకోణం అని రుజువైనట్టు కాదు, 89.997 అయినా అలాగే కనిపిస్తుంది. ఈ మాట పిల్లలకి మొదటి రోజే చెప్పాలి.

పాతవాటిలో లోగో గురించి చెప్పకుండా ఉండలేను. 1967లో సీమోర్ పాపర్ట్, వాలీ ఫోయర్‌జైగ్, సింథియా సాలమన్ తయారుచేసిన కంప్యూటర్ భాష, మనం చెప్పినట్టు కదులుతూ గీతలు గీసే తాబేలు తర్వాత వచ్చి చేరింది. ఇప్పుడు పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో టర్టిల్ పేరుతో అదే పని చేయొచ్చు. సమబాహు త్రిభుజం గీయమంటే, కోణం 60 కదా అని ప్రతి మూలలో 60 తిప్పమంటారు. మూడు గీతలయ్యేసరికి సగం షడ్భుజి వచ్చి ఆగుతుంది. తాబేలు తిరిగేది బయటి కోణం, 120 అని ఆ తర్వాత తెలిస్తే ఇక జన్మలో మర్చిపోరు.

ఇక ఫోటో తీస్తే స్టెప్పులతో సహా జవాబిచ్చే యాప్‌లు. చేసిన లెక్క సరిచూసుకోవడానికైతే సరే. చేయకముందే తీస్తే మాత్రం ఆ లెక్క పోయినట్టే, నేర్చుకోవాల్సిందంతా ఆ తికమకలోనే ఉంది, దాన్ని యాప్ లాగేసుకుంది. ఆప్షన్లు నొక్కే ప్రాక్టీస్ యాప్‌లతో వేగం వస్తుంది, అంతకుమించి ఆశించొద్దు.

మొదలుపెట్టాలనుకుంటే ఇది చేయించండి. జియోజీబ్రాలో ఏదో ఒక చతుర్భుజం, ఎంత వంకరగా ఉన్నా పర్లేదు. నాలుగు భుజాల మధ్యబిందువులు వరసగా కలిపితే లోపల ఏ ఆకారం వస్తుందో ముందు కాగితం మీద రాయమనండి. తర్వాత కలిపి, మూలలు ఇష్టమొచ్చినట్టు లాగమనండి. సమాంతర చతుర్భుజమే వస్తుంది, ఎంత లాగినా అదే. ఎందుకని అడిగితే వెంటనే చెప్పేయకండి, చతుర్భుజానికి ఒక కర్ణం గీయమని మాత్రం చెప్పండి, మధ్యబిందు సిద్ధాంతం వాళ్లకి వచ్చే ఉంటుంది.