నత్రజని క్యాన్, ఎత్తు బండి

నేను గోపాలమిత్రను. భాకరాపేట చుట్టుపక్కల పదమూడు పల్లెల్లో ఆవులకు, గేదెలకు ఎద సూదులు, అంటే కృత్రిమ గర్భధారణ సూదులు వేయడం నా పని. బండి వెనక క్యారియర్ మీద మూడు లీటర్ల నత్రజని క్యాన్, పక్క సంచిలో చేతి తొడుగులు, వేడినీళ్ల ఫ్లాస్కు, థర్మామీటరు ఉంటాయి. రోజుకు యాభై, అరవై కిలోమీటర్లు తిరుగుతాను. అందులో సగం మట్టిబాటే. మూడేళ్లుగా ఈ తిరుగుడంతా హీరో ఎక్స్‌పల్స్ 200 మీదే. సూదులు వేసేవాడికి అంత ఎత్తు బండి ఎందుకని బంధువులు చాలామంది అడిగారు. పెళ్లి పందిట్లో నిలబడి చెప్పడానికి కుదరలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

2021 నవంబరు వానలను మా వైపు ఎవరూ మరిచిపోలేరు. తిరుపతి వీధులు నీట మునిగిన ఆ రోజుల్లోనే నేను తిరిగే బాటల్లో రెండు కల్వర్టులు కొట్టుకుపోయాయి. వాన తగ్గాక చూస్తే మట్టి అంతా కోసుకుపోయి, కింద ఉన్న గుండ్రాళ్లు పైకి తేలాయి. అప్పుడు నా దగ్గర ఉన్నది మామూలు వంద సీసీ బండి. ఆ రాళ్ల మీద రెండు నెలలు నడిపాను. ఒకరోజు పొద్దున్నే చూసేసరికి క్యాన్ మెడ చుట్టూ తెల్లగా మంచు పేరుకుని ఉంది. గుండె జారిపోయింది.

క్యాన్ సంగతి తెలియనివారికి చెప్పాలి. అది ఫ్లాస్కులాంటిదే. లోపలి పాత్రకూ బయటి గోడకూ మధ్య గాలి లేని ఖాళీ ఉంటుంది. లోపలి పాత్ర మొత్తం ఆ సన్నని మెడను పట్టుకుని వేలాడుతుంది. పక్కలకు ఊగి ఊగి ఆ మెడ బీటవారితే శూన్యం పోతుంది, బయటి గోడ మీద మంచు పడుతుంది. లోపల మైనస్ 196 డిగ్రీల్లో ఉండాల్సిన ద్రవ నత్రజని కొన్ని గంటల్లో ఆవిరైపోతుంది. అందులోని వీర్యనాళికలు, అంటే వీర్యం నింపిన సన్నని గొట్టాలు, ఇక పనికిరావు. ఆ రోజు నావి అన్నీ పోయాయి. ఒక జెర్సీ ఆవుకు సమయం దాటిపోయింది. ఉదయం ఎదకు వచ్చిన ఆవుకు సాయంత్రం, సాయంత్రం వచ్చినదానికి మర్నాడు ఉదయం సూది పడాలి. అది తప్పితే రైతు మరో ఇరవై ఒక్క రోజులు ఎదురుచూడాలి. ఇరవై ఒక్క రోజుల మేత ఖర్చు ఎంతో ఆ ఇంటి అవ్వ నాకు వేళ్ల మీద లెక్కవేసి చూపించింది. నా మీద ఆమె కోప్పడలేదు. అందుకే ఇంకా బాధ అనిపించింది.

దాచుకున్న డబ్బుకు కొంత అప్పు కలిపి ఈ బండి కొన్నాను. నాకు కావలసింది కుదుపులను మింగే సస్పెన్షన్ ఒక్కటే. ముందు 190 మిల్లీమీటర్లు, వెనక 170 మిల్లీమీటర్లు కదులుతుంది. బండి అడుగుకూ నేలకూ మధ్య 220 మిల్లీమీటర్ల ఎడం. ముందు చక్రం 21 అంగుళాలది. పెద్ద చక్రం గుంతలో పూర్తిగా దిగకుండా అంచుల మీదుగా దాటిపోతుందని కొన్న మొదటి రోజే అర్థమైంది. పొగగొట్టం పైకి ఎత్తి ఉంటుంది. 1924లో ఇంగ్లండులో కాంబర్లీ దగ్గర గుట్టల్లో, బురదలో మోటారు సైకిళ్లకు పందెం పెట్టి దానికి స్క్రాంబుల్ అని పేరు పెట్టారు. తరువాత అలాంటి పందేల కోసం రోడ్డు బండ్లకే గుబ్బల టైర్లు వేసి, పొగగొట్టాన్ని పైకి లేపి వాడేవారు, వాటినే స్క్రాంబ్లర్లు అంటారు. ఎక్స్‌పల్స్‌ను అడ్వెంచర్ బండి అనేవారు ఉన్నారు కానీ, ఆ పొగగొట్టం చూసినప్పుడల్లా నాకు ఇది స్క్రాంబ్లర్ల ఇంటి పిల్ల అనే అనిపిస్తుంది.

బండి కొనడం ఒక ఎత్తు, నడపడం నేర్చుకోవడం మరో ఎత్తు. నేను అయిదడుగుల అయిదంగుళాల మనిషిని, సీటు 823 మిల్లీమీటర్ల ఎత్తు. రెండు కాళ్లూ పూర్తిగా ఆనవు. ఏటవాలు బాటలో ఆగాల్సి వస్తే మిట్ట ఉన్న వైపు కాలు దించాలి, పల్లం వైపు దించితే బండి మీద పడుతుంది. ఇది రెండు సార్లు పడ్డాక ఒంటబట్టింది. బండి బరువు నూటయాభై కిలోలు దాటుతుంది. అయినా హ్యాండిల్ పూర్తిగా తిప్పి, సీటుకు వీపు ఆనించి, కాళ్ల బలంతో వెనక్కి నెడుతూ లేపితే ఒక్కడినే లేపగలను. ఈ బండిలో నాకు అన్నిటికంటే నచ్చేది ఇదే. మామిడితోటల మధ్య మధ్యాహ్నం పూట పిలిస్తే పలికేవాడు ఉండడు. ఎవరి సాయమూ లేకుండా లేపుకోగలిగిన బండే అక్కడ నమ్మకం.

రాళ్లబాటలో ఇప్పుడు కూర్చోను. ఫుట్‌రెస్టుల మీద లేచి నిలబడి, మోకాళ్లతో ట్యాంకును ఒత్తి పట్టి, మోచేతులు కొద్దిగా మడిచి ఉంచుతాను. చూపు ముందు చక్రం దగ్గర ఉండకూడదు, పదిహేను అడుగుల ముందు ఉండాలి. రాయిని చూస్తూ పోతే రాయి మీదకే పోతాం. నిలబడితే బండి నా కింద తన పాటికి ఊగుతుంది, నా ఒళ్లు ఊగదు. క్యాన్‌ను కూడా క్యారియర్ చివర కట్టకుండా సీటును ఆనుకునేలా ముందుకు జరిపి, అడుగున పాత సైకిల్ ట్యూబు ముక్కలు పరిచి, నాలుగు వైపుల నుంచీ కట్టాను. బరువు వెనక ఎక్కువైతే ముందు చక్రం తేలికై ఇసుకలో తల ఆడిస్తుంది. ముందుకు జరిపాక అది చాలావరకు తగ్గింది.

ఇసుక నన్ను చాలా ఏడిపించింది. ఎండిన వంకలో దిగగానే భయంతో ముందు బ్రేకు పట్టేవాడిని, చక్రం ఇసుకలో కూరుకుని పక్కకు తిరిగేది. ఇప్పుడు రెండో గేరులో, యాక్సిలేటర్ ఒకే తీరుగా పట్టి, హ్యాండిల్ కొంచెం అటూ ఇటూ ఆడినా ఆడనిచ్చి దాటుతాను. గులకరాళ్ల దిగుడులో మొదటి గేరు, క్లచ్ వదిలేసి వెనక బ్రేకు మాత్రమే. బ్రేకు పట్టినా చక్రం బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ నా బండికి ముందు చక్రానికే ఉంది. వెనక చక్రం కొద్దిగా జారుతూ దిగుతుంటే మొదట్లో చేతులు వణికేవి, ఇప్పుడు ఆ జారుడే వేగాన్ని చెబుతోంది. తారు రోడ్డు మీద మాత్రం ఈ టైర్లతో జాగ్రత్త కావాలి. భాకరాపేట ఘాట్ దిగి రంగంపేట మీదుగా తిరుపతి వెళ్లేటప్పుడు, ముఖ్యంగా తడి మలుపుల్లో, బండిని ఎక్కువ వాల్చను.

స్పోక్ చక్రాలు, ట్యూబు టైర్లు కాబట్టి పంక్చరు నేనే వేసుకోవాలి. పల్లేరు కాయలు పైపైన గుచ్చుకుంటాయి, వాటితో పెద్ద ఇబ్బంది లేదు. సర్కారు తుమ్మ ముల్లు అలా కాదు. నిలువుగా దిగి లోపలే విరిగిపోతుంది. ట్యూబుకు అతుకు వేసి, టైరు లోపల వేలితో తడమకుండా బిగిస్తే అదే ముల్లు పది నిమిషాల్లో మళ్లీ గుచ్చుతుంది. మే నెలలో ఎర్రదుమ్ముకు ఎయిర్ ఫిల్టర్ వారానికోసారి దులుపుతాను, చెయిన్ రెండు రోజులకోసారి గుడ్డతో తుడుస్తాను.

తిరుపతి కుర్రాళ్లు కొందరు బండి చూసి, అడవిలోకి పోయే బాటలు చూపించమని అడుగుతారు. చూపించను. శేషాచలం 2010 నుంచి బయోస్ఫియర్ రిజర్వు. ఎర్రచందనం ఉన్న అడవి, ఏనుగులు తిరిగే అడవి. అనుమతి లేకుండా బండి చప్పుడు అందులోకి తీసుకెళ్లడం తప్పు. మట్టిబాటలు కావాలంటే మామిడితోటల మధ్య, వేరుశనగ చేల మధ్య కావలసినన్ని ఉన్నాయి, నెమ్మదిగా పోతే రైతులు ఎవరూ కాదనరు.

పోయిన కార్తీకంలో ఆ అవ్వ ఇంటి నుంచే ఫోను వచ్చింది. సాయంత్రం ఆరు దాటింది, ఆవు ఉదయం నుంచి అరుస్తోందట. వంక దగ్గరికి వెళ్లేసరికి నీళ్లు పారుతున్నాయి. లైటు వేసి ఉంచి, ముందు నడిచి చూశాను. మోకాలి కింది వరకే అయితే బండితో దాటతాను, అంతకు మించితే దాటను. ఆ రోజు తొడల దాకా వచ్చాయి, కానీ ఉరవడి లేదు. చింతచెట్టు కింద బండి నిలబెట్టి, కట్లు విప్పి, క్యాన్‌ను భుజాన పెట్టుకుని, ఫ్లాస్కు మెడకు తగిలించుకుని దాటాను. అవతల అవ్వ లాంతరు పట్టుకుని నిలబడి ఉంది.

"బండి ఏది నాయనా?" అంది.

"ఆ ఒడ్డున ఉంది అవ్వా, ముందు ఆవును చూద్దాం" అన్నాను.

పాకలో క్యాన్ దించి లైటు వేసి చూశాను. మెడ చుట్టూ పొడిగా ఉంది, మంచు జాడ లేదు. ఫ్లాస్కులో నీళ్లు 37 డిగ్రీలకు తెచ్చుకుని, నాళికను అందులో వేసి ముప్పై సెకన్లు లెక్కపెట్టాను. పని ముగించి తిరిగి వంక దాటేసరికి చీకటి బాగా పడింది. సీటు మీద చింతాకు రాలి ఉంది.