టెస్టర్ వెలిగింది, దీపం వెలగలేదు

విశాఖపట్నం లాసన్స్ బే కాలనీలో సముద్రానికి దగ్గరగా ఉన్న మా ఫ్లాటు బాల్కనీలో దీపం వెలగడం మానేసినప్పుడు, బల్బు పోయిందనే ఇంట్లో అందరూ తీర్మానించారు. ఆ అనుమానాన్ని తీర్చుకోవడం తేలికే. బాల్కనీ బల్బును తీసి హాలు హోల్డర్‌లో పెడితే చక్కగా వెలిగింది. హాలు బల్బు బాల్కనీలో వెలగలేదు. అదే ఎంసీబీ (కరెంటు మితిమీరితే దానంతటదే ఆగిపోయే స్విచ్చు) కింద ఉన్న ఫ్యాను తిరుగుతూనే ఉంది కనుక అది ట్రిప్ కాలేదనీ తేలింది. ఇక అనుమానించవలసినవి స్విచ్చు, హోల్డర్, వాటి మధ్య ఉన్న వైరు, ఆ వైరులోని జాయింట్లు.

ఈ దశలో చాలా ఇళ్లలో టెస్టర్ బయటికి వస్తుంది. అది వెలిగితే కరెంటు వస్తోందనీ, వెలగకపోతే రావడం లేదనీ తీర్పు చెప్పేస్తారు. నా దృష్టిలో ఆ తీర్పు సగమే సరైనది. టెస్టర్‌లో ఉండేది ఒక చిన్న నియాన్ దీపం, దానికి వరుసలో కలిపిన పెద్ద నిరోధకం. కొన ఫేజును, అంటే కరెంటు తెచ్చే తీగను, తాకినప్పుడు, పైనున్న లోహపు భాగం మీద మన వేలు ఉంటే, మిల్లీఆంపియర్‌లో చిన్న వంతు కరెంటు మన శరీరం మీదుగా భూమికి చేరి ఆ నియాన్‌ను వెలిగిస్తుంది. అంటే ఫేజు అక్కడిదాకా వచ్చిందన్న సంగతి ఒక్కటే అది చెబుతుంది. బల్బులోంచి వెళ్లిన కరెంటు తిరిగి పోవడానికి న్యూట్రల్ ఉన్నదో లేదో చెప్పదు. పైగా చిలుము పట్టి దాదాపు తెగిపోయిన జాయింటు కూడా టెస్టర్‌కు సరిపడేంత కరెంటును పంపగలదు, బల్బుకు సరిపడేంత పంపలేదు.

మా ఇంట్లో జరిగినది న్యూట్రల్ వ్యవహారమే. బల్బును హోల్డర్‌లోనే ఉంచి, స్విచ్చు వేసి, హోల్డర్ మూత విప్పి చూస్తే రెండు స్క్రూల దగ్గరా టెస్టర్ వెలిగింది. న్యూట్రల్ మార్గమధ్యంలో తెగిపోతే, ఫేజు బల్బు గుండా అవతలి కొసకు కూడా చేరుతుంది కనుక అలా కనిపిస్తుంది. "ఫేజు వచ్చేస్తోంది సార్, న్యూట్రలే రావట్లేదండి" అని ఎలక్ట్రీషియన్ చెప్పి, రెండు వైర్లు తగిలించిన టెస్ట్ ల్యాంపు తీశాడు. దాని ఒక కొసను హోల్డర్ ఫేజుకూ, రెండవ కొసను స్విచ్ బోర్డులోని న్యూట్రల్‌కూ తాకించగానే అది వెలిగింది. కరెంటు ఉండగా మూత విప్పి చేసే ఈ పరీక్ష అలవాటున్న చేతులకే తగినది.

దోషం సీలింగ్‌లోని జంక్షన్ బాక్సులో దొరికింది. మెలి తిప్పి టేపు చుట్టిన జాయింటు అది. టేపు విప్పితే రాగి తీగల చుట్టూ ఆకుపచ్చని చిలుము. సముద్రపు గాలిలోని ఉప్పు గాలిలోని తేమను పీల్చుకొని లోహం మీద పలుచని పొరగా నిలుస్తుంది, ఆ పొర కింద రాగి, ఇత్తడి మెల్లగా తినివేయబడతాయి. 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ తుపాను తర్వాత నగరంలో చాలాచోట్ల వీధి తీగలు భూమిలోకి వెళ్లాయి కానీ, ఇంట్లోని జాయింట్లకు ఉప్పుగాలి బాధ తప్పలేదు. తీగను మెరిసే రాగి కనిపించేదాకా కత్తిరించి, ఈసారి మెలి తిప్పడానికి బదులు స్క్రూ కనెక్టర్ వేయించాము. హోల్డర్‌లోని స్ప్రింగు పిన్నులు కూడా బిగుసుకుపోయి ఉండడంతో దాన్నీ మార్చేశాము. ఇంత చవకైన వస్తువును గరుకు కాగితంతో రుద్దుతూ కూర్చోవడంలో అర్థం లేదు.

సొంతంగా చేయి పెట్టేవారు స్విచ్చు ఆపడంతో సరిపెట్టుకోకుండా మెయిన్ ఆపాలి. స్విచ్చు ఫేజు మీదే ఉండాలన్నది నియమమైనా, పాత ఇళ్లలో అది న్యూట్రల్ మీద ఉండడం అరుదు కాదు. అప్పుడు దీపం ఆరిపోయినా హోల్డర్‌లో 230 వోల్టులు అలాగే ఉంటాయి. భూమికి కరెంటు కారితే సరఫరాను ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉన్నదన్న ధైర్యం కూడా పూర్తిగా పనికిరాదు, ఎందుకంటే ఒక చేయి ఫేజునూ మరో చేయి న్యూట్రల్‌నూ పట్టుకుంటే భూమికి పోయే కరెంటు పెద్దగా ఉండదు కనుక అది స్పందించకపోవచ్చు.

ఎల్ఈడీ బ్యాటెన్లకు ఫేజు, న్యూట్రల్ రెండూ సక్రమంగా అందుతున్నా వెలగకపోతే, సాధారణంగా లోపలి డ్రైవరే (ఎల్ఈడీకి తగ్గట్టు కరెంటును మార్చి ఇచ్చే భాగం) పోయి ఉంటుంది. వేడికి దాని కెపాసిటర్ ఎండిపోతుంది.

ఒకటి కాక ఇంట్లోని దీపాలలో కొన్ని మసకగా, కొన్ని కళ్లు జిగేలుమనేలా వెలుగుతుంటే అది ఇంటి లోపలి చిన్న జాయింటు సంగతి కాకపోవచ్చు. త్రీ ఫేజు సరఫరాలో వచ్చే న్యూట్రల్ తెగితే కొన్ని వైర్లలో వోల్టేజి 400 దిశగా పెరిగి ఫ్రిజ్, టీవీ కాలిపోగలవు. అప్పుడు ఏ బల్బునూ మార్చకుండా మెయిన్ ఆపేసి విద్యుత్ ఫిర్యాదుల నంబరు 1912కు ఫోన్ చేయాలి.