11 సంఘాలు, ఒక వినతిపత్రం: నా అనుభవం

నిన్న మధ్యాహ్నం ఆరోగ్య ప్రణాళిక తుది ప్రతి చేతికి వచ్చింది. 17వ పేజీలో మా ఐక్యవేదిక అడిగిన వాక్యం అచ్చయి ఉంది. దానికి 8 నెలలు పట్టింది. జరిగింది మనసులో పచ్చిగా ఉన్నప్పుడే రాసి పెడుతున్నాను.

అల్పసంఖ్యాక జాతుల సంఘాలు 11 కలిసి, ఆసుపత్రుల్లో దుబాసీల ఏర్పాటుపై జరిగే నిర్ణయంలో తమ మాట చెల్లేలా చూసుకోవాలి. ఇదీ మేము తలపెట్టిన పని. సంఘాలను పిలవడం, వేదికకు పేరు పెట్టడం, ఒక పేజీ ఒప్పంద పత్రం రాసుకోవడం 3 వారాల్లో అయిపోయాయి. రిజిస్ట్రేషన్ జోలికి మాత్రం మొదట్లోనే వెళ్లకండి. పదవుల పంపకం దగ్గరే పుణ్యకాలం గడిచిపోతుంది.

ఎక్కువ మంది మాట్లాడే 5 భాషల్లో దుబాసీలను నియమించాలన్నది మా మొదటి కోరిక. మాలో అన్నిటికంటే పెద్ద సంఘం అధ్యక్షుడు పట్టుబట్టి పెట్టించిన షరతు అది. సంఖ్య చూపిస్తేనే అధికారులు వింటారన్నారు ఆయన. అందరం తలలూపాం. ముసాయిదాను అధికార భాషలో రాసి, అందరికీ ఈమెయిల్ చేసి, అభ్యంతరాలకు 3 రోజుల గడువిచ్చాను. ఎవరూ ఏమీ అనలేదు. మినిట్స్‌లో ‘ఏకగ్రీవం’ అని రాశాను. ఆ మాట నా చేత్తోనే రాశాను.

బహిరంగ విచారణ రోజున 4 గంటలు కూర్చోబెట్టి, మాట్లాడటానికి 6 నిమిషాలు ఇచ్చారు. నేను చదవడం పూర్తయ్యేవరకు అధికారి అడ్డు రాలేదు. తరువాత ఫైలులోంచి ఇంకో కాగితం తీశారు. చేతిరాత, కింద కాస్త వంకరగా పడిన ముద్ర. మా వేదికలోని అతి చిన్న సంఘం ముద్ర అది. వాళ్లవి 40 కుటుంబాలు.

“ఇదీ మీ సంఘమేనా?” అని అడిగి, పైకి చదివారు. “5 భాషల జాబితాలోకి మా భాష ఎన్నటికీ రాదు. మా పేరు కూడా రాసుకుని, మమ్మల్నే బయట నిలబెట్టే కోరిక కోరుతున్నారు.”

హాలు నిశ్శబ్దమైపోయింది. “ముందు మీలో మీరు తేల్చుకుని రండి” అని మైకు ఆపించారు. తిరిగి నా కుర్చీ వరకు నడిచిన ఆ పది అడుగులు నేను మరిచిపోలేను. ఆ ఉత్తరం మీద కార్యాలయం వేసిన తేదీ ముద్ర చూశాను. అది విచారణకు 9 రోజుల ముందే వాళ్లకు అందింది. ఒక్క ఫోను చేసి ఉంటే సరిదిద్దుకునేవాళ్లం. నలుగురి ముందు మమ్మల్ని విడదీసి చూపడానికే దాన్ని దాచి ఉంచారని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఆ అధికారిని క్షమించలేదు.

కానీ ఆ ఉత్తరంలో ఒక్క అక్షరం అబద్ధం లేదు. మర్నాడే ఆ సంఘం కార్యదర్శి ఇంటికి వెళ్లాను. పెద్దాయన. మనవరాలిని పక్కన కూర్చోబెట్టుకుని, ఆమె నోట చెప్పించారు. “అమ్మా, సమావేశం రోజు మీరు మాట్లాడినదాంట్లో సగం నాకు అర్థం కాలేదు. అర్థం కానిదానికి అడ్డు చెప్పడం మర్యాద కాదని ఊరుకున్నాను. తరువాత ఈ పిల్ల చదివి చెప్పింది.”

దుబాసీలు కావాలని అడగడానికి పెట్టుకున్న సమావేశంలో దుబాసీ లేరు. ఇన్నేళ్లుగా సంఘాల పనిలో ఉన్న నాకు అది తట్టలేదు.

వినతిపత్రం తిరగరాశాం. భాషల జాబితా తీసేసి, రోగికి ఏ భాష వస్తే ఆ భాషలో, మనిషి దొరకకపోతే ఫోను ద్వారానైనా దుబాసీ సాయం అందాలని అడిగాం. పెద్ద సంఘం అధ్యక్షుడు 2 గంటలు వాదించి లేచి వెళ్లిపోయారు. ఇప్పటికీ నాతో మాట్లాడరు. సభ్యులు వేలల్లో ఉన్నా, 40 కుటుంబాలే ఉన్నా సంఘానికి ఒకటే ఓటు అని ఒప్పంద పత్రంలో చేర్చాం. ఏ కాగితమైనా ఎవరి భాషలో వారికి చదివి వినిపించాలి. వాళ్లు నోటితో సరేనన్నాకే సంతకం. ఎవరికైనా భిన్నాభిప్రాయం ఉంటే అదే పత్రంలో వేరే పేరాగా వెళ్లాలి. ఇలా చేస్తే ఆలస్యమవుతుంది. అయినా ఇలాగే చేయండి.

రెండో విచారణలో ఒక ఉద్యోగి, సంఘాలను సంప్రదించడం తమ సౌజన్యమన్నారు. అల్పసంఖ్యాకుల హక్కులపై ఐక్యరాజ్యసమితి 1992లో చేసిన ప్రకటన నా సంచిలో ఉంది. తమకు సంబంధించిన నిర్ణయాల్లో సమర్థంగా పాల్గొనే హక్కు వారికి ఉందని 2వ అధికరణం 3వ క్లాజు చెబుతుంది. దానిని చదివి వినిపించాను. అది ఒప్పందం కాదు, దాన్ని పట్టుకుని కోర్టుకు వెళ్లలేం. అయినా ఆ తరువాత ఆ గదిలో సౌజన్యం అన్న మాట ఎవరూ ఎత్తలేదు. ఆ రోజు నేను బాగా మాట్లాడాను, చెప్పుకోవడానికి నాకు సంకోచం లేదు.

శాశ్వత సలహా సంఘం కావాలన్న కోరికను మాత్రం పక్కన పెట్టేశారు. అలాంటి సంఘాలు ఉండాలని అల్పసంఖ్యాకులు ప్రజా జీవితంలో పాల్గొనడంపై అంతర్జాతీయ నిపుణులు 1999లో రూపొందించిన లుండ్ సిఫార్సులు స్పష్టంగా చెబుతున్నాయి. వచ్చే నెల మళ్లీ అడుగుతాం.

నిన్న సాయంత్రం పెద్దాయనకు ఫోను చేసి 17వ పేజీలోని వాక్యం చదివాను. మనవరాలు చెబుతుంటే విన్నారు. ఇంకోసారి చదవమన్నారు. చదివాను. కొత్త వినతిపత్రం తొలి ముసాయిదా తమ భాషలో తామే రాస్తామన్నారు.