సున్నిత చర్మానికి కంటి క్రీము: పెట్టె చదవనివ్వని కౌంటరుతో నా అనుభవం

కళ్ల కింద ముడతలకు రాసుకునే క్రీముల్లో నా చర్మానికి పడేది ఒకటి ఎట్టకేలకు దొరికింది. దానికోసం పడిన చికాకు మనసులో ఇంకా పచ్చిగా ఉండగానే ఈ అనుభవం రాస్తున్నాను. సబ్బు మార్చినా, పెళ్లిలో ఎవరైనా పన్నీరు చిలకరించినా కనురెప్పలు ఎర్రబడి పొలుసులు లేచే చర్మం నాది. ఒంటి మీద అన్నిటికన్నా పల్చనిది కనురెప్పల చర్మం. దాని మందం దాదాపు అర మిల్లీమీటరే కాబట్టి, బుగ్గలు తట్టుకున్న క్రీమును కళ్లు కూడా తట్టుకుంటాయని అనుకోవడానికి వీల్లేదు.

నేరుగా చర్మవైద్యురాలి దగ్గరకు వెళ్లడం వల్ల మొదటి మెట్టు సులువుగానే దాటాను. నాకు ఏవి పడవో తెలుసుకోవడానికి ఆమె నా వీపు మీద వరుసగా పరీక్ష పట్టీలు అంటించి, 48 గంటలకు తీసి చూసి, 96 గంటలకు మరోసారి చూశారు. సువాసన ద్రవ్యాల మిశ్రమం ఉన్నచోటా, మిథైల్‌ఐసోథయాజోలినోన్ అనే నిల్వ ద్రవ్యం ఉన్నచోటా చర్మం ఎర్రగా పొంగింది. జుట్టుకు వేసే రంగు వల్ల, గోళ్ల రంగు వేసుకున్న వేళ్లతో కళ్లు నలుపుకోవడం వల్ల కూడా కొందరికి రెప్పలు దురద పెడతాయని చెప్పి, నాకు పడని రెండింటి పేర్లూ చీటీ మీద రాసిచ్చారు. "ఇవి లేని క్రీము ఏదైనా ఫరవాలేదు, పెట్టె మీద చదివి కొనుక్కోండి" అన్నారు.

హైదరాబాదులోని ఒక పెద్ద మాల్‌లో, సౌందర్య సాధనాల కౌంటరు దగ్గర, ఆ చదవడం అనే పనే సాధ్యపడలేదు. నేను నోరు తెరవకముందే అక్కడి అమ్మాయి టెస్టర్ ట్యూబు నుంచి క్రీమును వేలిమీదకు తీసుకుని నా కంటి దగ్గరకు తెచ్చింది. నేను వెనక్కి జరిగాను. ఆ ట్యూబు మూతి చుట్టూ క్రీము ఎండి పెచ్చు కట్టి ఉంది, దాని మీద ఎవరిదో కాటుక మరక కూడా ఉంది. రాయవద్దని, పెట్టె చూపిస్తే చాలని అడిగాను. సీలు వేసిన పెట్టె ఇవ్వడం కుదరదంది. సీలు తీయనక్కర్లేదని, బయట ముద్రించినది చదువుతానని చెప్పి మొత్తానికి చేతికి తీసుకున్నాను.

పెట్టె వెనుక, సరిగ్గా పదార్థాల జాబితా ఉన్నచోటే, దిగుమతిదారు చిరునామా, రిజిస్ట్రేషన్ సంఖ్య, ధర ఉన్న తెల్ల స్టిక్కరు అంటించి ఉంది. నీరు, గ్లిజరిన్ అన్న మొదటి రెండు మాటలు మాత్రమే పైన కనిపిస్తున్నాయి. మిగిలినదంతా స్టిక్కరు కింద కప్పబడిపోయింది. నేను స్టిక్కరు అంచును గోటితో లేపబోతే ఆ అమ్మాయి పెట్టెను చేతిలోంచి లాక్కుని, "ఆంటీ, స్టిక్కర్ చిరిగితే మీరే కొనాలి" అని గట్టిగా అంది. చుట్టూ ఉన్నవాళ్లు తిరిగి చూశారు. ఇంతలో మేనేజరు వచ్చి, "హైపోఅలర్జెనిక్ అని ముందే రాసి ఉంది కదా మేడమ్, ఆ పేర్లన్నీ చదివితే మాత్రం మీకు అర్థమవుతాయా?" అన్నాడు. హైపోఅలర్జెనిక్ అంటే అలర్జీ కలిగించే అవకాశం తక్కువని.

ఇంటర్మీడియెట్ పిల్లలకు ఏళ్ల తరబడి రసాయన శాస్త్రం చెప్పినదాన్ని నేను. ఆ నిల్వ ద్రవ్యం అణు నిర్మాణాన్ని అక్కడికక్కడే కాగితం మీద గీసి చూపగలనని అతనికి చెప్పాను. అతను జవాబివ్వకుండా, కౌంటరు మీదున్న పెద్దగా చూపే అద్దాన్ని నా వైపు తిప్పి, "ముందు మీ కళ్ల కింద చూసుకోండి, ఈ వయసులో ఇంకా ఆలస్యం చేస్తే ఏ క్రీమూ పనిచేయదు" అన్నాడు. అంతమంది ముందు నా ముఖాన్ని తప్పులున్న జవాబు పత్రంలా పట్టి చూపించడం నేను ఎన్నటికీ క్షమించను. ఏమీ కొనకుండా వచ్చేశాను.

హైపోఅలర్జెనిక్ అన్న మాటకు చట్టబద్ధమైన ప్రమాణమేదీ తమ దేశంలో లేదని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏయే చెబుతుంది. మన దేశంలో 2020 నాటి కాస్మెటిక్స్ నియమాల ప్రకారం పదార్థాలను ఎక్కువ మోతాదు నుంచి తక్కువకు వరుసగా ముద్రించాలి. ఒక శాతానికి మించనివాటిని చివరలో ఏ క్రమంలోనైనా రాయవచ్చు. నా కళ్లకు పడని నిల్వ ద్రవ్యమూ, సువాసనలూ సాధారణంగా ఉండేది ఆ చివరి వరుసల్లోనే. వాటి మీద స్టిక్కరు అంటిస్తే ముద్రించీ ముద్రించనట్టే. వయసును చూపి భయపెట్టి అమ్మేవాళ్లకు, చదివి కొనే మనిషి ఎప్పుడూ అడ్డంకిగానే కనిపిస్తుంది. పెట్టె చదవనివ్వనిచోట ఎంత తగ్గింపు ఇచ్చినా ఎవరూ కొనవద్దని నా గట్టి సలహా.

సంగతి విన్న మా ఆడపడుచు, "వదినా, ఈ మధ్య క్రీముల్లో వేస్తున్న బకుచియోల్ మన బావంచాల నుంచి తీసేదే కదా, ఆ గింజలే నూరి రాసుకో" అంది. బకుచియోల్ బావంచాల్లో ఉన్న మాట నిజమే. 44 మందితో 12 వారాలు జరిపిన ఒక పరీక్షలో అది ముడతల విషయంలో, విటమిన్ ఎ రకానికి చెందిన రెటినాల్‌కు తీసిపోలేదు, మంట, పొట్టు లేవడం కూడా తక్కువే. అయితే ముడి గింజల్లో, చర్మం ఎండకు తట్టుకోలేకుండా చేసే సొరాలెన్ కూడా ఉంటుంది. బొల్లి మచ్చలకు రాసి ఎండ చూపించే వైద్యంలో పనిచేసేది అదే. ఆ ముద్ద కళ్ల కింద రాసుకుని ఎండలోకి వెళితే చర్మం కాలి బొబ్బలెక్కుతుంది. ఈ చిట్కాను దయచేసి ఎవరూ ప్రయత్నించకండి.

చివరికి మా వీధి చివరి మెడికల్ షాపులోనే పని అయింది. అక్కడి పెద్దాయన పెట్టెలన్నీ బల్ల మీద పెట్టి, "నిదానంగా చూసుకోండమ్మా" అని దీపం నా వైపు తిప్పారు. చర్మంలో తేమను నిలిపే సెరమైడ్లు, గ్లిజరిన్, ముడతల క్రీముల్లో వేసే పెప్టైడ్లు ఉండి, సువాసన గానీ, సువాసన ద్రవ్యాలైన లినలూల్, లిమొనీన్ గానీ లేని 15 మిల్లీలీటర్ల ట్యూబు తీసుకున్నాను. వాసన లేదని రాసినంత మాత్రాన నమ్మకూడదు, పదార్థాల సొంత వాసనను కప్పడానికి మరో సువాసన కలిపే వీలుంది. మొమెటాసోన్ వంటి స్టెరాయిడ్ ఉన్న చవక క్రీములను డాక్టరు చెప్పకుండా ముట్టుకోవద్దు. కళ్ల చుట్టూ వాడుతూ పోతే అవి చర్మాన్ని ఇంకా పల్చన చేయడమే కాక, కంటిలో ఒత్తిడినీ పెంచగలవు.

మోచేతి మడతలో వారం రోజులు రాసి చూసి, ఏమీ కాలేదని తేలాకే కంటి బయటి కొసన మొదలుపెట్టాను. రెండు కళ్లకూ కలిపి పెసర గింజంత చాలు. రెప్ప అంచుకు తగలకుండా, కంటి కింది ఎముక మీద ఉంగరపు వేలితో అద్దుకోవాలి. పొడిదనం వల్ల తేలిన సన్న గీతలు తగ్గాయి, నవ్వినప్పుడు పడే లోతు ముడతలు అలాగే ఉన్నాయి. వాటికి తక్కువ మోతాదు రెటినాల్ రోజు విడిచి రోజు రాత్రిపూట వాడవచ్చని డాక్టరుగారు అన్నారు (గర్భిణులు వాడకూడదు). చర్మం ఇలాగే నిమ్మళంగా ఉంటే చలికాలం దాటాక ఆమెకు మళ్లీ చూపించి మొదలుపెడతాను. అప్పటిదాకా ఈ క్రీము, పగలు జింక్ ఆక్సైడ్ సన్‌స్క్రీన్, అంతే.