క్యూ కట్టిస్తే హాకీ రాదు

పిల్లల హాకీ ప్రాక్టీసు ఎలా సాగుతోందో తెలియాలంటే ఒక్కొక్కరి స్టిక్‌కి బంతి ఎన్నిసార్లు తగిలిందో లెక్కపెట్టండి. ఎనిమిది మందిని వరసలో నిలబెట్టి ఒకే బంతి ఇచ్చారనుకోండి. ఒక్కో వంతుకు 15 సెకన్లు పడితే, 10 నిమిషాల్లో ఒక్కొక్కరికి దక్కేది 5 వంతులు. మిగతా సమయమంతా కబుర్లు, తోపులాట. అదే ఎనిమిది మందిని జంటలుగా విడదీసి, 8 మీటర్ల దూరంలో ఎదురెదురుగా నిలబెట్టి, జంటకో బంతి ఇవ్వండి. పాస్‌కు 5 సెకన్లు పట్టినా ఒక్కొక్కరు 60 సార్లు పుష్ చేస్తారు (స్టిక్ ఆనించి బంతిని నెడతారు), 60 సార్లు ఆపుతారు. బంతులు చాలకపోతే టెన్నిస్ బంతులైనా ఫరవాలేదు.

అయితే పట్టు సరిగ్గా లేకపోతే ఆ 60 సార్లూ తప్పే గట్టిపడుతుంది. హాకీ స్టిక్‌కి ఒకవైపే చదును, ఆ వైపుతోనే బంతిని ఆడాలి. గుండ్రటి వైపు తగిలితే ఫౌల్. అందుకే స్టిక్‌ని తిప్పడం రావాలి, తిప్పేది ఎడమ చెయ్యి. కుడిచేతివాటం పిల్లలకు ఇది మింగుడుపడదు. వాళ్ల బలమంతా కుడిచేతిలోనే ఉంటుంది, స్టిక్‌ని దాంతోనే బిగిస్తారు.

పట్టు నేర్పడానికి తేలిక దారి ఒకటుంది. చదును వైపు నేలకు ఆనేలా, పిడి పిల్లవాడి వైపు ఉండేలా స్టిక్‌ని పడుకోబెట్టండి. పిడి చివర ఎడమచేత్తో కరచాలనం చేసినట్టు పట్టుకుని లేపమనండి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య మడత గుండ్రటి వైపు నడుమ గీత మీదికి రావాలి. కుడిచెయ్యి దానికి జానెడో జానెడున్నరో కింద, వదులుగా ఉంటుంది. ఇప్పుడు కుడిచెయ్యి తీసేసి, ఎడమచేత్తోనే స్టిక్‌ని ఎడమవైపు నుంచి కుడివైపుకి తిప్పమనండి. చదును పూర్తిగా కుడివైపుకి తిరగకుండా మణికట్టు మధ్యలోనే ఆగిపోయిందంటే, క్రికెట్ బ్యాట్ పట్టినట్టు పట్టుకున్నారన్నమాట. స్టిక్ పొడవు కూడా చూడండి. నేల మీద నిలబెడితే నడుం ఎముక దాకా వస్తే సరి. ‘ఎదుగుతాడు కదా’ అని పొడుగుది కొనిస్తే, పిడి పొట్టకు తగిలి పిల్లాడు నిటారుగానే ఆడతాడు.

బంతిని ఆపడంలో తప్పు ఎక్కడుందో బంతే చెబుతుంది. కిందనుంచి జారిపోయిందంటే మోకాళ్లు వంగలేదు, స్టిక్ నేలకు ఆనలేదు. ఎగిరి మీదికి వచ్చిందంటే పిడి వెనక్కి వాలి ఉంది, స్టిక్ ఏటవాలు పలకైంది. పిడిని కొంచెం ముందుకు వంచి ఉంచితే బంతి నేలనే ఉంటుంది. దూరంగా తుళ్లిపోయిందంటే కుడిచెయ్యి బిగిసింది. తగిలిన క్షణంలో స్టిక్‌ని అరజానెడు వెనక్కి రానిస్తే దెబ్బ చచ్చిపోతుంది. మొదట 5 మీటర్ల నుంచి చేత్తో దొర్లించండి, తర్వాత పుష్, ఆ తర్వాత నడుస్తూ, పరుగెత్తుతూ. ఆగే బంతి కాళ్ల మధ్యకు కాదు, కుడిపాదానికి కాస్త ముందుకు రావాలి. అక్కడుంటేనే వెంటనే ఆడగలం.

పుష్‌లో చప్పుడు వినిపించకూడదు. స్టిక్ ముందే బంతికి ఆని ఉంటుంది, ఎడమభుజం లక్ష్యం వైపు, బరువు కుడికాలి నుంచి ఎడమకాలికి మారుతుంది. ‘టక్’ మని వినిపిస్తే పిల్లవాడు కొడుతున్నాడు, నెట్టడం లేదు. బంతి ప్రతిసారీ ఎడమకు పోతుంటే స్టిక్ తల లక్ష్యం వైపు సాగకుండా ఒంటి చుట్టూ తిరిగిపోతోంది.

డ్రిబ్లింగ్ (బంతిని స్టిక్‌తో అటూ ఇటూ లాగుతూ తీసుకుపోవడం) నిలబడిన చోటే మొదలుపెట్టాలి. బంతి పాదాలకు దూరంగా, ముందు ఉండాలి. కుడి నుంచి ఎడమకు, ఎడమ నుంచి కుడికి ఓ 30 సెంటీమీటర్లు లాగితే చాలు. కుదిరాక మీరు ఎదురుగా నిలబడి వేళ్లు చూపించి ఎన్నున్నాయో చెప్పమనండి. తల ఎత్తించడానికి ఇంతకన్నా మంచి మందు లేదు. కోన్ల మధ్య జిగ్‌జాగ్ మాత్రం అతిగా చేయించే కసరత్తు. కోన్ కాలు చాచదు, బంతి లాక్కోదు. మూడు వారాలు కోన్ల మధ్య అద్భుతంగా ఆడిన పిల్ల, ఎదుట మనిషి రాగానే తలదించుకుని నేరుగా గుద్దుకోవడానికి కారణం ఇదే.

అందుకే గంట ప్రాక్టీసులో కనీసం 25 నిమిషాలు చిన్న ఆటలకు ఇవ్వండి. 20 x 15 మీటర్ల చోటులో ముగ్గురితో ముగ్గురు, గోల్‌కీపర్ లేకుండా, గోల్‌కి బదులు ఒక్కో వైపు మీటరున్నర వెడల్పు గేట్లు రెండేసి. రెండు గేట్లుంటే ఒకటి మూసుకున్నప్పుడు రెండోది వెతకాలి కాబట్టి తల ఎత్తక తప్పదు. అందరూ బంతి చుట్టూ మూగుతుంటే మైదానం వెడల్పు పెంచండి, కేకలు వేస్తే లాభం ఉండదు.

దిద్దేటప్పుడు ఒకసారి ఒక్కటే చెప్పాలి. ‘మోకాళ్లు వంచు, తల ఎత్తు, కుడిచెయ్యి వదులు చెయ్యి’ అని మూడూ ఒకేసారి అంటే మూడూ జరగవు. బంతి కదులుతుండగా చెప్పకండి, ఆగాక 20 సెకన్లలో చేసి చూపించండి.

హిట్ (స్టిక్ ఊపి బలంగా కొట్టడం) కోసం పిల్లలు మొదటిరోజే గొడవ చేస్తారు. పుష్, ట్రాప్ (బంతిని ఆపడం) కుదిరేదాకా ఇవ్వకండి. స్టిక్ వెనక్కెత్తినప్పుడు పక్కనున్నవాళ్ల ముఖం దగ్గర్లో ఉంటుంది, పైగా బంతి 156 నుంచి 163 గ్రాముల గట్టి గుండు. నేర్పే రోజు అందరూ ఒకే వైపు చూసేలా, మనిషికీ మనిషికీ మధ్య కనీసం 4 మీటర్లు వదిలి నిలబెట్టండి. అందరూ కొట్టేశాకే బంతుల కోసం వెళ్లాలి. కాళ్లకు షిన్‌గార్డు, నోట్లో మౌత్‌గార్డు లేనివాళ్లు ఆరోజు పుష్‌లే ఆడతారు.