నౌక మీద ఎనిమిది మిల్లీసెకన్ల కరెంటు

మందుగుండుకు బదులు విద్యుత్తుతో గుండును విసిరే ఫిరంగి రైల్‌గన్. దాని గురించి వచ్చే వ్యాసాల్లో ఎక్కువ భాగం గుండు వేగం దగ్గరే ఆగిపోతాయి. విద్యుత్ యంత్రాల పాఠం ఏళ్ల తరబడి చెప్పినవాణ్ణి కనుక, ఆ గుండు వెనక ఉన్న కరెంటు ఓడలో ఎక్కడి నుంచి వస్తుందన్నదే నన్ను ఎక్కువగా ఆలోచింపజేస్తుంది.

అమెరికా నౌకాదళం 2010 డిసెంబరులో వర్జీనియాలోని డాల్‌గ్రెన్‌లో జరిపిన పరీక్షలో గుండు 33 మెగాజౌళ్ల శక్తితో గొట్టం దాటింది. మన కరెంటు బిల్లు లెక్కలో అది తొమ్మిది యూనిట్లకు కాస్త పైన, అంతే. కానీ సుమారు పది మీటర్ల గొట్టంలో సెకనుకు రెండున్నర కిలోమీటర్ల వేగం అందుకోవలసిన గుండుకు దొరికే వ్యవధి దాదాపు 8 మిల్లీసెకన్లు మాత్రమే. భాగించి చూస్తే నాలుగు గిగావాట్లు వస్తుంది. విద్యుత్తుతోనే నడిచే అమెరికా యుద్ధనౌక జుమ్‌వాల్ట్ డిస్ట్రాయర్ మొత్తం ఉత్పత్తి సామర్థ్యం 78 మెగావాట్లు. ప్రొపెల్లర్లు ఆపి అంతా ఫిరంగికే మళ్లించినా ఆ వ్యవధిలో ముప్పావు మెగాజౌల్ కూడా చేరదు.

పైగా అలా నేరుగా కలపడం ప్రమాదకరం. ల్యాబులో చిన్న ఆల్టర్నేటర్ మీద పెద్ద మోటారు స్టార్ట్ చేసినప్పుడు వోల్ట్‌మీటరు ముల్లు ఒక్కసారిగా కిందికి వాలడం, బల్బులు మసకబారడం, యంత్రం చప్పుడు బరువెక్కడం విద్యార్థులు చూస్తుంటారు. యుద్ధనౌకలో అదే కుదుపు వస్తే దెబ్బ తగిలేది రాడార్లకు, కంప్యూటర్లకు.

అందుకే జనరేటరుకూ ఆయుధానికీ నడుమ శక్తిని కూడబెట్టి ఉంచే అంచె ఒకటి తప్పనిసరి. డాల్‌గ్రెన్‌లో ఆ పని కెపాసిటర్ బ్యాంకులు, అంటే విద్యుత్తును దాచుకొని ఒక్కసారిగా వదిలే పరికరాల వరుసలు, చేశాయి. వాటిని విభాగాలుగా చార్జ్ చేసి, ఒకదాని వెనక ఒకటిగా స్విచ్‌లు వేస్తూ పోతే, గుండు గొట్టంలో ఉన్నంతసేపూ లక్షల ఆంపియర్ల కరెంటు పడిపోకుండా నిలుస్తుంది. అమెరికా లక్ష్యంగా పెట్టుకున్నట్టు నిమిషానికి పది గుండ్లు పేల్చాలంటే ఆరు సెకన్లకొకసారి బ్యాంకు నిండాలి. నష్టాలు కలుపుకొని గుండుకు 100 మెగాజౌళ్లు పోయాలనుకున్నా సగటు భారం 17 మెగావాట్లకు మించదు. ఇది జుమ్‌వాల్ట్ మోయగల భారమే. కనుక చిక్కు జనరేటరు పరిమాణంలో లేదు, కెపాసిటర్లు ఆక్రమించే చోటులోనూ, గుండు వేగంగా మారని శక్తి వేడిగా మిగలడంలోనూ ఉంది.

ఏ నిల్వ సాధనం కావాలో నిర్ణయించేది వ్యవధి. విమానవాహక నౌక జెరాల్డ్ ఆర్. ఫోర్డ్ మీద విద్యుదయస్కాంత కాటపుల్ట్ విమానాన్ని తోసే సమయం రెండు మూడు సెకన్లు కాబట్టి అక్కడ కెపాసిటర్లకు బదులు వేగంగా తిరిగే బరువైన రోటార్లు శక్తిని దాచుకుంటాయి; విమానాన్ని వదిలాక అవి మళ్లీ వేగం పుంజుకోవడానికి సుమారు 45 సెకన్లు పడుతుంది. హైదరాబాదులోని డీఆర్‌డీవో ప్రయోగశాల చెస్ (CHESS) రూపొందించి 2025 ఏప్రిల్‌లో కర్నూలు వద్ద పరీక్షించిన 30 కిలోవాట్ల లేజర్ వంటిది ఓడ ఎక్కితే, లక్ష్యం మీద కొన్ని సెకన్లు నిలకడగా కాలాలి కనుక దానికి బ్యాటరీలే సరిపోవచ్చు.

అమెరికా 2021లో రైల్‌గన్ పనిని ఆపేసింది. జపాన్ మాత్రం 2023లో ఓడ మీద నుంచే పేల్చి చూసింది. ఫిరంగి భవిష్యత్తు ఏదైనా, శక్తి నిల్వకూ శీతలీకరణకూ ఓడ నక్షా గీసే రోజే చోటు కేటాయించాలని నేను గట్టిగా నమ్ముతాను. కట్టడం పూర్తయిన ఓడలో అంత బరువును, అన్ని కేబుళ్లను తరువాత ఇరికించడం దాదాపు అసాధ్యం.